ఆదివారం అత్యుత్సాహం... సోమవారం కుంటినడక!

నలభై దాటాక పరుగు మొదలుపెట్టినవాళ్లకు ముందుగా పరిచయమయ్యేది పతకం కాదు, నొప్పి. దానికి భయపడి బూట్లు అటకెక్కించేవాళ్లు కొందరు. లెక్కచేయకుండా పరుగెత్తి మంచమెక్కేవాళ్లు మరికొందరు. ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఒకటుంది.

షుగరు సరిహద్దులో ఉందన్నాడు డాక్టరు. పొట్ట తగ్గించుకోమన్నాడు. అంతే... ఆ సాయంత్రమే కొత్త బూట్లు ఇంటికొచ్చాయి. మొదటివారం కాలనీ పార్కులో రెండు రౌండ్లకే ఆయాసం. నెల తిరిగేసరికి ఆయాసం తగ్గింది. కిలోమీటరు కాస్తా నాలుగయ్యాయి. కాలేజీ రోజుల ఊపు తిరిగొచ్చిందనిపించింది. ఓ ఆదివారం మిత్రబృందంతో నెక్లెస్ రోడ్డుకు వెళ్లాడు. హుస్సేన్‌సాగర్ మీంచి చల్లగాలి, పక్కన కబుర్లు... నాలుగు కిలోమీటర్ల మనిషి ఎనిమిది పరుగెత్తేశాడు. సోమవారం పొద్దున్నే మంచం దిగి కాలు నేలమీద పెట్టగానే మడమలో మేకు దిగినట్టయింది.

'చెబితే వినరు కదా. ఈ వయసులో మీకెందుకండీ పరుగులు?' అంటూ ఇల్లాలు కాపడానికి నీళ్లు పెట్టింది. 'మోకాళ్లు అరిగిపోతాయిరా నాయనా' అంది తల్లి. బూట్లు అటకెక్కాయి. షుగరు మాత్రం తన దారిన తను పైకెక్కింది.

కాస్త అటూ ఇటూగా ఇది ప్రతి కాలనీలోనూ ఎవరో ఒకరి కథే. ఇంతకీ తప్పు ఎవరిది? వయసుదా, పరుగుదా? చాలావరకూ రెండింటిదీ కాదు. ఆ ఒక్క ఆదివారానిది!

గుండె ముందు... ఎముక వెనక

పరుగు మొదలుపెట్టాక మన ఒంట్లో అన్నీ ఒకే వేగంతో మారవు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొద్ది వారాల్లోనే అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండాన్లు, ఆ ఎముకలు గట్టిపడటానికి మాత్రం నెలలు కావాలి. నలభై దాటాక ఇంకాస్త ఎక్కువే. ఆయాసం లేదు కదా అని మనం ముందుకు ఉరుకుతాం. ఇంకా సిద్ధంకాని మడమ, పిక్క, మోకాలు ఆ భారం మోయలేక మొరాయిస్తాయి. భారమంటే తక్కువేం కాదు. పరుగులో కాలు నేలను తాకిన ప్రతిసారీ ఒంటిబరువుకు రెండు మూడు రెట్ల ఒత్తిడి పడుతుంది. నెమ్మదిగా పరుగెత్తేవారు కిలోమీటరుకు వెయ్యికి పైగా అడుగులు వేస్తారు. 75 కిలోల మనిషికి ఆ లెక్క ఎంతవుతుందో మీరే వేసుకోండి.

'వారానికి పదిశాతం మించి పెంచకూడదు' అన్నది పరుగువీరులందరికీ కంఠతా వచ్చిన సూత్రం. అయితే నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన వారిమీద దీన్ని పరీక్షించారు. ఒక బృందానికి నిదానంగా 13 వారాల శిక్షణ, ఇంకో బృందానికి 8 వారాలు. 2008లో ఫలితాలు చూస్తే రెండింటిలోనూ అయిదుగురిలో ఒకరికి గాయం!

మరి అసలు కిటుకు ఎక్కడుంది? 2025లో వెలువడిన ఓ పెద్ద అధ్యయనం కొంత జవాబు చెప్పింది. 5,205 మంది పరుగులను చేతిగడియారాల సాయంతో ఏడాదిన్నరపాటు గమనించారు. వాళ్ల సగటు వయసు నలభై అయిదు పైమాటే. వారం మొత్తంమీద ఎంత పెంచారన్నదానికీ, గాయాలు పెరగడానికీ సంబంధం కనిపించలేదు. కానీ గత నెలరోజుల్లో పరుగెత్తిన అత్యధిక దూరం కన్నా ఏ ఒక్కరోజు పదిశాతానికి మించి పరుగెత్తినా, గాయమయ్యే అవకాశం 64 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ ఒక్క పరుగు అంతకు ముందుదానికి రెట్టింపు దాటితే ముప్పూ రెట్టింపు దాటింది. అంటే కాలిని కుంగదీసేది ఎక్కువగా ఒక్కనాటి అత్యుత్సాహమే.

తెగిపోతే బాగుణ్ణు!

సరే, గాయమైంది. ఇప్పుడేం చేయాలి? 'మంచం దిగకు' అంటారు ఇంట్లో. ఈ మాట ఎంతవరకు నిజమో చెప్పడానికి స్వీడన్‌లో ఓ డాక్టరు కథ ఉంది.

ఉమెయా నగరానికి చెందిన ఎముకల వైద్యుడు హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్‌కు పరుగంటే ఇష్టం. మడమ వెనక ఉండే అకిలిస్ టెండాన్ నొప్పితో విసిగిపోయాడు. ఆపరేషన్ చేయమని పైఅధికారిని అడిగితే కుదరదన్నాడాయన. నువ్వు సెలవుపెడితే ఇక్కడ పనెవరు చేస్తారని! దాంతో ఒళ్లుమండి, 'టెండాన్ పూర్తిగా తెగిపోతే అప్పుడైనా చేస్తారుగా' అనుకుని, నొప్పి ఉన్న కాలికే బరువైన వ్యాయామం మొదలుపెట్టాడు. తెగలేదు సరికదా... నొప్పే పోయింది!

ఆ అనుభవాన్ని ఆయన పరిశోధనగా మలిచాడు. సగటున 44 ఏళ్ల వయసున్న పదిహేనుమందిని ఎంచుకున్నాడు. అందరూ సరదాగా పరుగెత్తేవాళ్లే. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, నొప్పి ఉన్న కాలి మడమను నెమ్మదిగా కిందికి దించాలి. పైకి లేవడానికి రెండో కాలు సాయం తీసుకోవాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడుసార్లు, కాస్త వంచి మరో మూడుసార్లు. రోజుకు రెండుపూటలా. పన్నెండు వారాలయ్యేసరికి పదిహేనుమందీ మళ్లీ మామూలుగా పరుగెత్తారు. 1998లో ఆ ఫలితాలు వెలువడ్డాక ఎందరో ఫిజియోథెరపిస్టులు ఆ బాట పట్టారు.

అలాగని ప్రతి నొప్పికీ ఇదే మందు కాదు. మడమ ఎముకకు టెండాన్ అతుక్కునేచోటే నొప్పి ఉంటే అంత కిందికి దించడం మంచిది కాదు. ఫిజియోథెరపిస్టు పక్కనుండి నేర్పాల్సిన వ్యాయామమిది. మన కథానాయకుడికి వచ్చినది మరొకటి, అరికాలి కింద పట్టీలా ఉండే పొర వాపు. దీన్నే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. పొద్దున్నే వేసే మొదటి అడుగులో నొప్పి దాని గుర్తు. దీనికీ పిక్కను సాగదీయడం, వేళ్లకింద టవల్ చుట్టపెట్టి మడమలు నెమ్మదిగా ఎత్తి దించడం ఉపకరిస్తాయి. రెండింటి సారం ఒకటే: పూర్తి విశ్రాంతి టెండాన్‌ను ఇంకా బలహీనం చేస్తుంది. కొద్దికొద్దిగా బరువు వేస్తూపోతే గట్టిపడుతుంది.

ఎరుపు, పసుపు, పచ్చ

ఏ నొప్పికి ఆగాలి, దేనికి అక్కర్లేదు? కూడలిలో సిగ్నల్ దీపాల్లాగే చూడండి.

పచ్చ: రెండు కాళ్లకూ సమానంగా ఉన్న పట్టేసినట్టు నొప్పి. నడుస్తుంటే సర్దుకుంటుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది. భయంలేదు.

పసుపు: ఒకే కాలికి, ఒకేచోట మొదలై పరుగులో ఓర్చుకోగలిగినంతే ఉండేది. దూరం, వేగం తగ్గించండి. మర్నాడు పొద్దున్నకు పెరగకపోతే అలాగే కొనసాగించవచ్చు. పెరిగితే పరుగు ఆపి నడక, సైకిల్, ఈత.

ఎరుపు: కుంటుతున్నారు, వాపు ఉంది, రాత్రిపూట కూడా సలుపుతోంది, ఎముక మీద వేలు పెడితే సరిగ్గా ఒకేచోట కలుక్కుమంటోంది... ఎముకలో సన్నని పగులు కావచ్చు. పరుగు ఆపి డాక్టర్ను కలవాల్సిందే. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడమంటే దీపాన్ని గుడ్డతో కప్పి బండి నడపడమే. గుండెల్లో బరువు, కళ్లు తిరగడం ఉంటే ఆ క్షణమే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి.

మధుమేహం ఉన్నవారికి ఇంకో జాగ్రత్త. పాదాల్లో స్పర్శ తగ్గితే నొప్పి అనే హెచ్చరికే అందదు. పరుగయ్యాక రోజూ బూట్లు విప్పి అరికాళ్లు చూసుకోవాలి.

ఇక అమ్మ భయం మాటేమిటి? తుంటి, మోకాళ్ల అరుగుదలమీద వచ్చిన పరిశోధనలన్నీ క్రోడీకరించి 2017లో ఓ విశ్లేషణ వెలువడింది. సరదాగా పరుగెత్తేవారిలో అరుగుదల 3.5 శాతం. పరుగు జోలికే పోనివారిలో 10.2 శాతం! పోటీలకోసం ఏళ్లతరబడి పరుగెత్తేవారిలో మాత్రం 13.3 శాతం. మితంగా పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయన్న భయానికి ఆధారం లేదన్నమాట. అయితే ఇప్పటికే కీళ్లవాతం ఉన్నవారు డాక్టరును అడిగాకే బూట్లు కట్టుకోవాలి.

అటకమీంచి దించండి

తిరిగి మొదలుపెట్టేవారికి ఓ తేలికైన పరీక్ష. అరగంట చురుగ్గా నడిస్తే నొప్పి లేకూడదు. ఆ తర్వాత నిమిషం పరుగు, నిమిషం నడక. రోజు విడిచి రోజు. వారానికి రెండుసార్లు గోడకు ఆనుకుని కుర్చీ వేయడం, మెట్టుమీద మడమలెత్తడం లాంటి బలాన్నిచ్చే వ్యాయామాలు. ఆగినచోటి నుంచి కాదు, ఇంకా వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి. నలభై దాటినవారి అహానికి కష్టమనిపించే మాట ఇదే. ఆడపిల్లలూ పెద్దవాళ్లూ దాటిపోతుంటే నడవాలంటే మనసొప్పదు మరి!

2011లో మొదలైన హైదరాబాద్ మారథాన్‌కు ఆగస్టు ఎండింగ్‌లో బిబ్ నంబర్లు కట్టుకునేవారిలో ఇలా ఓసారి కుంటి, లేచి, మళ్లీ వచ్చినవారూ ఉంటారు. ఈ ఆగస్టు కాకపోతే మరో ఆగస్టు. కాబట్టి వచ్చే ఆదివారం మిత్రులు 'ఇంకో రౌండు వేద్దాం రా' అంటే నవ్వి, మీ లెక్క దగ్గరే ఆగిపోండి. నెక్లెస్ రోడ్డు ఎక్కడికీ పోదు. సోమవారం పొద్దున్నే మంచం దిగాల్సింది మీరు!