పొయ్యి మంచిదే... అమ్మెందుకు పగలగొట్టింది?

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి పొగరాని పొయ్యి వచ్చింది. మట్టితో దిమ్మెలా కట్టి, ముందో పొయ్యి, వెనక కోడిపొయ్యి పెట్టి, కప్పు మీదుగా సిమెంటు గొట్టం లేపారు. కట్టినాయన నీళ్ళు కాచి చూపించాడు. పొగంతా గొట్టంలోంచి బుద్ధిగా వెళ్ళిపోయింది. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా "అదృష్టం నీదే వదినా" అన్నారు.

ఆర్నెల్లు తిరక్కుండా అమ్మ దాన్ని గడ్డపారతో పగలగొట్టి మళ్ళీ మూడు రాళ్ళు పెట్టుకుంది. "చదువులేని దానికి మంచి చెప్పినా ఇంతే" అన్నాడు నాన్న. చాలా ఏళ్ళు నేనూ అంతే అనుకున్నాను.

మాది సంగటి తినే ఇల్లు. చట్టిని అదిమిపట్టి, ఒంట్లో బలమంతా తెడ్డు మీద పెట్టి కెలకాలి. రెండు నెలలకే పొయ్యి అంచు విరిగింది. కోడిపొయ్యి మీద పప్పు ఎంతకీ ఉడికేది కాదు. కట్టెలు సన్నగా చీలిస్తే తప్ప లోపలికి పట్టవు. గొట్టంలో మసి గూడు కడితే పొగ మళ్ళీ మొహం మీదికే! కప్పెక్కి దులపాల్సింది నాన్న. ఆయనకి అది ఎప్పుడూ 'రేపే'.

ఈ ఆలోచన మీద మన హైదరాబాద్‌లోనూ పని జరిగిందని తర్వాత తెలిసింది. ఇక్కడి ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి.రాజు పొగ గొట్టం ఉన్న మట్టి పొయ్యి రూపొందించి, 1953లో దాని మీద పుస్తకమే వేశారు. సిద్ధాంతంలో తప్పేం లేదు. వేడిగాలి పైకి లేస్తుంది, పొగని వెంట తీసుకుపోతుంది.

పొయ్యి పనితనం తేల్చడానికి నీళ్ళు మరిగించే పరీక్ష అని ఒకటుంది. కొలిచిన నీళ్ళు, తూచిన ఎండు కట్టెలు, చేయి తిరిగిన మనిషి. నీళ్ళు మరిగాక ఎన్ని కట్టెలు మిగిలాయో చూస్తారు. ఆ గదిలో సంగటి ఉండదు, తడికట్టె ఉండదు, చంకలో పిల్ల ఉండదు. అందుకే వంటింటి పరీక్ష కూడా పెట్టారు. ఇల్లాలి ఇంట్లో కట్టెలు తూచి, కొన్ని రోజులు ఆమెకి నచ్చినట్టు వండుకోమని వదిలేసి, మిగిలినవి మళ్ళీ తూస్తారు. ఖర్చూ ఎక్కువే, ఓపికా ఎక్కువే. కానీ నిజం తెలిసేది అక్కడే!

కర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త తన బృందంతో గుజరాత్ పల్లెలకి వెళ్ళి, వంట చేసే ఆడవాళ్ళకే గాలిని కొలిచే పరికరాలు తగిలించారు. 1983లో ఆ లెక్కలు అచ్చయ్యాకే వంటింటి పొగ ఎంత ఘోరమో లోకానికి తెలిసొచ్చింది. అంతకన్నా నన్ను కదిలించింది ఒడిశా అధ్యయనం. రీమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్ పరిశోధనశాలలో నెగ్గిన పొయ్యిలు ఇచ్చిన ఇళ్ళని నాలుగేళ్ళ దాకా గమనించారు. మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది. ఆ తర్వాత ఏ తేడా లేదు. ఊపిరితిత్తులు మెరుగుపడలేదు, కట్టెల వాడకమూ తగ్గలేదు. కారణం? ఆ పొయ్యిల్ని సరిగా వాడలేదు, బాగుచేయించుకోలేదు. వాటికి వాళ్ళు పెద్ద విలువ ఇవ్వలేదు. 2012లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి. చదువుతుంటే మా వంటిల్లే కళ్ళముందు కదిలింది. మా ఇంట్లో చదువు లేకపోవడం కాదు కదా సమస్య!

1999లో దీపం పథకం వచ్చాక మా ఊళ్ళో చాలా ఇళ్ళలోకి గ్యాస్ వచ్చింది. మా ఇంటికీ వచ్చింది. అయినా సంగటికి, స్నానం నీళ్ళకి అమ్మ ఇవాళ్టికీ పెరట్లో కట్టెలే పెడుతుంది. "సిలిండరు మీ నాన్న కొంటాడా?" అంటుంది. మొన్న ఊపిరితిత్తుల డాక్టరుకి చూపిస్తే "సిగరెట్ అలవాటుందామ్మా?" అని అడిగారు. అమ్మ నా వైపు చూసి నవ్వేసింది.

ఇంటికొచ్చాక అడిగాను, ఆ పొయ్యి ఎలా కట్టుంటే ఉంచుకునేదానివని. ముగ్గుపిండి తెచ్చి నేల మీద గీసింది. చట్టి కూర్చునేంత వెడల్పు, విరగని మందపాటి అంచు, గొట్టానికి కిందనే చేయి పెట్టి మసి తీసుకునే చిన్న తలుపు. మధ్యమధ్య దగ్గుతూనే గీసింది. "ఆ రోజు ఆయన నన్నేం అడగలేదు కదే!" అంది.