తిరుచానూరు గడప - చిత్తూరు కోర్టు

తిరుమలకు కాలినడకను పోవు యాత్రికునకు అలిపిరి మొదటి మెట్టు. పంచములనబడిన వారికి మాత్రము చిరకాలము అదియే కడపటి మెట్టు. వారి మ్రొక్కు కొండపాదముననే చెల్లవలెను. ఈ కట్టుబాటును ఏ శాసనసభయు చేసియుండలేదు. ఐనను దాని వెనుక పోలీసులును, మేజిస్ట్రేటులును, చెఱసాలలును నిలిచియుండినవనుటకు తిరుపతి చెంతనున్న తిరుచానూరే సాక్షి.

1925-26 ప్రాంతమున పంచమ భక్తుడొకడు తిరుచానూరు అమ్మవారి ఆలయమున ప్రవేశించెను. దొంగిలించుటకు గాదు, దర్శించుకొనుటకు. అతనిపై శిక్షాస్మృతి 295వ సెక్షను క్రింద నేరము మోపి శిక్షించిరి. ఒక వర్గమువారి మతమును అవమానించు తలంపుతో ఆరాధనాస్థలమును అపవిత్ర మొనర్చువారికై 1860లో ఏర్పడిన సెక్షనది. దేవునికి మ్రొక్కుటయే దేవునికి అవమానమైనదన్నమాట! మతవిషయములలో జోక్యము కలిగించుకొనబోమని 1858లో విక్టోరియారాణి పేర వాగ్దానము చేసిన ప్రభుత్వమిది. తలుపు మూసినవానిని అడుగకుండుట తటస్థత యనియు, తలుపు తట్టినవానిని దండించుట శాంతిరక్షణ యనియు ఆ ప్రభుత్వముయొక్క భాష్యము. ఉదారవాదమని పేరొందిన ఆంగ్ల రాజనీతి ఈ గడపవద్ద ఎట్లు ప్రవర్తించినదో ఇంతకంటె వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక జాతీయవాదుల సంగతి. 1920 డిసెంబరున నాగపురి కాంగ్రెసు సహాయ నిరాకరణమును ఖాయపఱచినది. న్యాయస్థానముల బహిష్కారము అందొక ముఖ్యాంశము. చక్రవర్తి రాజగోపాలాచారిగారు ఆ వ్రతముననుసరించి వకీలు వృత్తిని వదలుకొనియుండిరి. వ్రతమును పాటించినచో భక్తుడు శిక్ష ననుభవింపవలెను. భక్తుని విడిపింపవలెనన్నచో వ్రతభంగము. ఆయన చిత్తూరు కోర్టునకు పోయి వాదించిరి. శిక్ష రద్దయ్యెను. మహాత్ముడు 'యంగ్ ఇండియా'లో ఆ పనిని సమర్థించెను. సిద్ధాంతనిష్ఠ గలవారు కొందఱు దీనిని దౌర్బల్యముగ నెంచవచ్చును. మేమట్లు తలంపము. పరాయివాని కోర్టును బహిష్కరించుట ఒకని స్వాతంత్ర్యము. ఆ బహిష్కారమునకు మూల్యము వేఱొకడు చెఱసాలలో చెల్లింపవలసివచ్చినప్పుడు అది త్యాగము కానేరదు.

కాని ఆ విడుదల ఎట్టిదో కూడ గమనింపవలెను. నేరము ఋజువు కాలేదనియే కోర్టు చెప్పినది. గుడిలోనికి పోవు హక్కు అతనికి కలదని చెప్పలేదు. మఱునాడు అతడు మరల ఆ గడప త్రొక్కినచో మరల పట్టుకొనవచ్చును.

బ్రాహ్మణేతరోద్యమ నాయకులు సమత్వమును బోధించిరి. కాళహస్తిలో జన్మించిన పానగల్లు రాజాగారు దేవాదాయముల శాసనమునకై చేసిన పోరాటము చిన్నది కాదు. 1933లో తిరుమల దేవస్థానములు మహంతుల చేతినుండి కమిటీ యధికారము క్రిందికి వచ్చెను. హుండీ లెక్క ఎవరు చూడవలెనన్న ప్రశ్న ముందు తీఱినది. గడప ఎవరు దాటవలెనన్నది వెనుకబడినది. అటు భాగ్యరెడ్డివర్మగారు 1917లోనే బెజవాడ సభలో తమవారు పంచములు కారు, ఆది ఆంధ్రులని చాటిరి. డాక్టరు అంబేద్కరు 1930లో నాసికలోని కాలారామ మందిరమునకై సత్యాగ్రహము సాగించి, 1933 నాటికి రంగయ్యరు ఆలయప్రవేశ బిల్లును బలపఱుప నిరాకరించిరి. అస్పృశ్యత పాపమని చెప్పని బిల్లు తమవారికెందులకని ఆయన వాదము. తిరుచానూరు తీర్పును చూచినవారికి ఆ వాదము పెడసరముగ తోపదు.

చెన్నరాష్ట్రమున ఆలయప్రవేశ శాసనము 1947లో వచ్చెను. 1950లో రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చుకొనెను. అందలి 12వ సెక్షనును మా పాఠకులు తప్పక చదువవలెను. నేరమని చట్టము పేర్కొన్న అడ్డగింపు షెడ్యూల్డు కులమువాని విషయమున జరిగినచో, అది అస్పృశ్యతా కారణముననే జరిగినదని కోర్టు తలంపవలెను. కాదని ఋజువు చేయు భారము అడ్డగించినవానిది. నాడు చిత్తూరులో బోనునందు నిలిచినవాడు భక్తుడు. చట్టము ఇప్పుడు ఆ బోనును ద్వారపాలకునివైపు త్రిప్పినది. ఐనను ఊరి గుడివద్ద అడ్డగింపబడిన కూలివాడు మఱునాడు ఆ యూరి పెద్దల పొలములోనే కూలికి పోవలసియుండగా, ఈ సెక్షను పేరు చెప్పి పోలీసుఠాణా మెట్లెక్కుటకు వానికి తోడు పోవువారెవ్వరు?