కివి తీగ మన పెరట్లో ఎందుకు కాయదు?

డెంగీ జ్వరం వచ్చిన ఇంటికి పలకరించడానికి వెళ్లేవాళ్లు ఒకప్పుడు బత్తాయిలు పట్టుకెళ్లేవారు. ఇప్పుడు ఆ సంచిలో కివి పండ్లు చేరాయి. కివి తింటే ప్లేట్‌లెట్లు పెరుగుతాయా అన్నది వైద్యులు చెప్పాలి, నా జోలి మొక్కతోనే. ‘ఇంత పెట్టి కొనే బదులు మేడ మీద కుండీలో ఒక తీగ పెంచుకుంటే పోలేదా?’ అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. నర్సరీల్లో మొక్కా దొరుకుతోంది.

నాటితే బతుకుతుంది, పాకుతుంది. కాయదు.

ఎందుకంటే అది చైనా కొండల తీగ. చలికాలం రాగానే ఆకు రాల్చి నిద్రపోతుంది. ఆ నిద్ర చాలినంత అయితేనే వసంతంలో పూమొగ్గ కళ్లు తెరుస్తుంది. అంగళ్లలో ఎక్కువగా కనబడే హేవర్డ్ రకానికి ఏడు డిగ్రీలకు దిగువన ఏడెనిమిది వందల గంటల చలి కావాలి. హైదరాబాదులో జనవరి రాత్రులు సగటున 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. ‘మరి లంబసింగిలో?’ అనవచ్చు. అక్కడ తెల్లవారుజామున వణికించే మాట నిజమే. పొద్దెక్కితే స్వెటరు విప్పేస్తాం కదా! రాత్రికి నాలుగైదు గంటల లెక్కన కొన్ని వారాల చలిని కూడితే ఎన్ని గంటలవుతాయో లెక్క వేసి చూడండి.

ఈ పాఠం మన దేశం ఎప్పుడో నేర్చుకుంది. కివిని ఇక్కడ మొదట నాటింది బెంగళూరు లాల్‌బాగ్‌లో. తీగ పెరిగిందే కానీ చలి చాలక కాపు రాలేదు. 1963లో సిమ్లా దగ్గర ఫాగ్లీలో నాటిన మొక్కలు 1969లో కాశాయి. నేడు అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయ కివికి పేరుపడింది.

చలి ఉన్న చోటైనా ఒక్క మొక్క కొంటే చాలదు. తాటిలో పోతుతాడి వేరు, కాసే తాడి వేరు. కివి కూడా అంతే. ఎనిమిది తొమ్మిది ఆడ తీగలకు ఒక మగ తీగ సరిపోతుంది కానీ ఆ ఒక్కటీ ఉండాల్సిందే, రెండూ ఒకే వారంలో పూయాలి. తిన్న పండులోని గింజ నాటితే ఏది మొలిచిందో తెలియడానికి ఏళ్లు పడుతుంది. అందుకే అంటు మొక్కో, కొమ్మ నుంచి పెంచిందో కొనాలి. చీటీ మీద రకం పేరూ, ఆడా మగా అన్నదీ రాసి ఉండాలి. అడిగితే నర్సరీవాడు తడబడ్డాడా, డబ్బు జేబులోనే ఉంచుకోండి.

పువ్వు దగ్గర ఇంకో తిరకాసు. ఆడ పువ్వులోనూ పుప్పొడి కనబడుతుంది, కానీ దానికి జీవం ఉండదు. నడిమధ్య తెల్లటి కీలాలు నక్షత్రంలా విచ్చుకుని ఉంటే అది ఆడది. పువ్వులో తేనె లేదు కాబట్టి తేనెటీగలకు పక్క చెట్టే ముద్దు. ఇంటి తోటలో మగ పువ్వు కోసి, ఆడ పూల మీద మెల్లగా రుద్దడం మేలు. ఒక్కటి నాలుగైదింటికి వస్తుంది.

బీరపాదుకు వేసినట్టు నాలుగు వెదుళ్ల పందిరి వేస్తే కూలుతుంది. ద్రాక్షకు వేసే గట్టి పందిరి కావాలి. వేళ్లు లోతుకు పోవు, కాబట్టి ఎండాకాలం దాహం ఎక్కువ, నీరు నిలిచినా కుళ్లు. నిరుటి కొమ్మల నుంచి వచ్చే కొత్త చిగుళ్ల మీదే కాపు. అందుకే చలికాలంలో, రసం ఎక్కకముందే కత్తిరించాలి. కాపుకు మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. అన్నట్టు, లేత మొక్కను పిల్లులు కొరుకుతాయి. వాటికి ఆ వాసన మత్తు. చుట్టూ వల కట్టండి.

కాలిఫోర్నియాలో పెరడున్న మనవాళ్లు ధైర్యంగా నాటుకోవచ్చు, అక్కడ తోటలుగానే వేస్తారు. న్యూజెర్సీ, చికాగోల మంచుకు ఈ నూగు కివి ఆగదు. ద్రాక్షపండంత ఉండే నున్నటి కివి వేరే ఉంది, తొక్కతోనే తినేయవచ్చు. అది గడ్డకట్టే చలికీ తట్టుకుంటుంది.

విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్నవారు ఆ డబ్బుతో రెండు జామ అంట్లు తెచ్చుకోండి. విటమిన్ సి కోసమే అయితే, కివిలో కన్నా జామలో రెట్టింపు పైనే ఉంది.