ఉప్పు పంచాయితీ

అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో ఆవకాయ సీసాకీ కందిపొడి డబ్బాకీ మధ్య ఆరు నెలలకు సరిపడా బీపీ మాత్రలు సర్దుకుని తెచ్చుకుంటుంది. స్టామ్లో. డాక్టర్ రెడ్డీస్ వాళ్లది, హైదరాబాదులో ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు. ఆ స్ట్రిప్ వెనక చీమతలకాయంత అక్షరాల్లో ‘అమ్లోడిపిన్ బెసిలేట్’ అని ఉంటుంది. అమ్మకి అక్కర్లేని సంగతి అది. ఫార్మా ల్యాబుల్లో ఇరవయ్యేళ్లు గడిపిన నాకు మాత్రం ఆ రెండో మాట కనపడగానే వాషింగ్టన్‌లో ఒక ఎర్ర ఇటుకల కోర్టు గుర్తొస్తుంది.

వైట్‌హౌస్ ఎదురుగా లఫాయెట్ పార్కు ఉంది కదా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని మనం ఫొటోలకి నిలబెట్టే చోటు, దాని తూర్పు పక్క చిన్న వీధి మాడిసన్ ప్లేస్. అందులో 717 నంబరు భవనంలో ఉంటుంది ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు. అమెరికాలో ఫెడరల్ అప్పీళ్ల కోర్టులు 13. పన్నెండింటికి ఎవరి ప్రాంతం వారికి ఉంది. ఈ పదమూడో దానికి ప్రాంతం లేదు, విషయాలున్నాయి. పేటెంటు దావా టెక్సాస్‌లో వేసినా, డెలవేర్‌లో వేసినా, మా న్యూజెర్సీలో వేసినా అప్పీలు ఇక్కడికే రావాలి. ఒకప్పుడు అలా ఉండేది కాదు. ఒక ప్రాంతపు కోర్టులో నిలిచే పేటెంటు ఇంకో ప్రాంతంలో నిలిచేది కాదు, దాంతో లాయర్లు తమకి అచ్చొచ్చే కోర్టు వెతుక్కుంటూ పరుగెత్తేవాళ్లు. ఆ పరుగు ఆపడానికే పాత కోర్టుల్ని కలిపి 1982 అక్టోబరు 1న దీన్ని మొదలుపెట్టారు.

పేటెంటులో అసలు సరుకంతా చివర ఉండే క్లెయిముల్లో ఉంటుంది. పొలం దస్తావేజులో చెక్కుబందీ ఎలాంటిదో ఇవి అలాంటివి. తూర్పున ఫలానా వారి గట్టు, పడమర పుంత అని రాసుకున్నట్టే, ఇంతవరకు నాది అని కంపెనీ మాటల్లో గిరి గీసుకుంటుంది. ఇవతలివాడు ఆ గిరిలో కాలు పెట్టాడా లేదా అన్నదే తగాదా. మందుల కేసుల్లో ఈ గట్టు తగాదా చాలాసార్లు ఉప్పు దగ్గర తేలుతుంది. బడిలో లవణం అని చదువుకున్నామే, ఆ ఉప్పు. చాలా మందుల్ని వట్టి అణువుగా మాత్ర చెయ్యలేరు. నిలవుండాలంటే, నీళ్లలో కరగాలంటే ఏదో ఒక ఆమ్లంతోనో క్షారంతోనో కలిపి లవణంగా మార్చుకోవాలి. రోగం మీద పనిచేసేది మందే, ఉప్పు దానికి బండి లాంటిది.

అమ్లోడిపిన్‌కి ఫైజర్ కంపెనీ మొదట వాడిన బండి మలియేట్. మనుషుల మీద పరీక్షలు కూడా దాంతోనే చేశారు. కానీ అది నిలవలో తేడా చేసింది, మాత్రలు కొట్టే మిషనుకి అంటుకుపోయింది. దాన్ని పక్కన పెట్టి బెసిలేట్‌కి మారారు. ఏళ్ల తర్వాత మన డాక్టర్ రెడ్డీస్ వాళ్లు ఆ పక్కన పెట్టిన మలియేట్‌నే పట్టుకుని అమెరికాలో అనుమతికి వెళ్లారు. వాళ్ల వాదనలో పదునుంది: పేటెంటు గడువు 2003లో అయిపోయింది, ఆ తర్వాత ప్రభుత్వం పొడిగించిన కాలం మీరు అమ్ముకుంటున్న బెసిలేట్‌కే గానీ మా మలియేట్‌కి కాదు అని. కింది కోర్టు ఔనంది. 2004 ఫిబ్రవరిలో ఫెడరల్ సర్క్యూట్ కాదంది. ఉప్పు మార్చినంత మాత్రాన మందు మారదు, పొడిగింపు అమ్లోడిపిన్‌కి, దాని లవణాలన్నిటికీ వర్తిస్తుందని చెప్పింది.

మూడేళ్లు తిరిగాయి. 2007లో తేలిన ఇంకో కేసులో కెనడాకు చెందిన అపోటెక్స్ బెసిలేట్ మీద ఫైజర్‌కి విడిగా ఉన్న పేటెంటునే సవాలు చేసింది. మందులకి పనికొచ్చే ఆమ్లాల జాబితా అప్పటికే పుస్తకాల్లో అచ్చయి ఉంది, మొత్తం 53. అందులోంచి ఒకటి ఏరుకోవడం పనిలో నైపుణ్యమే గానీ కనిపెట్టడం కాదని అదే కోర్టు ఆ పేటెంటుని కొట్టేసింది. ఉప్పు మారినా మందు అదేనన్నప్పుడు ఫైజర్ గెలిచింది, ఉప్పు ఎంపిక పెద్ద ఘనకార్యం కాదన్నప్పుడు ఓడింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా నిలబడతాయి. ఈ కోర్టు వెంట పడే అలవాటు నాకు అక్కడ పట్టుకుంది.

మూడో తీర్పు 2019 ఆగస్టు నాటిది, నాకింకా మింగుడు పడనిది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఇచ్చే పెమెట్రెక్సెడ్ ఇంజెక్షన్. దానికి ముందు ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిన్ ఇచ్చే పద్ధతి మీద ఎలీ లిల్లీ కంపెనీకి పేటెంటు. దరఖాస్తులో మొదట ‘యాంటీఫోలేట్’ అని, ఆ కోవ మందులన్నీ వచ్చేలా గంపగుత్తగా రాశారు. పేటెంటు ఆఫీసు పరీక్షకుడు అంత వెడల్పు కుదరదన్నాక ‘పెమెట్రెక్సెడ్ డైసోడియం’ అని కుదించారు. డాక్టర్ రెడ్డీస్, హోస్పిరా కంపెనీలు వేరు వేరుగా సోడియం బదులు ట్రోమెథమిన్ ఉప్పుతో వచ్చారు. డైసోడియం అని మీ చేత్తో మీరే రాసుకున్నారు, మిగతాది వదులుకున్నట్టే కదా అన్నారు.

ఇక్కడో తమాషా ఉంది. ఈ మందుని ఎక్కించే ముందు సెలైన్‌లో కలుపుతారు. సెలైన్ అంటే ఉప్పు నీళ్లే, అందులో సోడియం ఉండనే ఉంది. నీళ్లలో పెమెట్రెక్సెడ్ ఒక పక్క, సోడియం ఒక పక్క తేలుతుంటే అది ‘పెమెట్రెక్సెడ్ డైసోడియం’ అయినట్టా? హోస్పిరా కేసులో కింది కోర్టు అయినట్టే అంది. ఫెడరల్ సర్క్యూట్‌లో తీర్పు రాసిన న్యాయమూర్తి అలన్ లూరీ స్వయంగా రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేసిన మనిషి. అక్షరాలా చూస్తే కాదన్నారు. అయినా లిల్లీయే గెలిచింది. పని ఒకటే, ఫలితం ఒకటే, పైగా లిల్లీ ఆ మాట కుదించింది వేరే మందుల్ని తప్పించడానికే గానీ వేరే ఉప్పుల్ని వదులుకోవడానికి కాదు అన్నది కోర్టు లెక్క. నా మట్టుకు నాకు, చెక్కుబందీలో ఒక హద్దు రాసి రిజిస్టరు చేయించుకున్నాక ‘మా ఉద్దేశం అది కాదు’ అంటే పక్క పొలం వాడు దేన్ని నమ్మి దున్నుకోవాలి అనిపిస్తుంది. సుప్రీం కోర్టు ఆ అప్పీళ్లని వినడానికే ఒప్పుకోలేదు.

ఈ కోర్టుని అనుసరించడానికి లాయరు కానక్కర్లేదు. తీర్పులన్నీ కోర్టు వెబ్‌సైటులో ఉచితం. వాదనల ఆడియో కూడా అక్కడే పెడతారు, ప్రత్యక్షంగా యూట్యూబులో వినొచ్చు. దస్త్రాలు కావాలంటే పేసర్ అనే ప్రభుత్వ ఖాతా తెరవాలి: పేజీకి 10 సెంట్లు, ఒక దస్త్రానికి ఎక్కువలో ఎక్కువ 3 డాలర్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే అసలు బిల్లే రాదు. మొదట్లో ఆత్రం కొద్దీ అన్నీ దించుకుని చేతులు కాల్చుకున్నాను. ఇప్పుడు అప్పీలు చేసినవారి నీలి అట్ట బ్రీఫు, అవతలివారి ఎర్ర అట్ట బ్రీఫు, ఈ రెండిటితో సరిపెట్టుకుంటాను.

వాదనలు మామూలుగా నెల మొదటి వారంలో ఉంటాయి. ముగ్గురు న్యాయమూర్తుల బెంచి. ఆ ముగ్గురూ ఎవరో ఆ రోజు పొద్దున గానీ బయటపెట్టరు. ఒక్కో పక్షానికి సాధారణంగా 15 నిమిషాలు. మన సినిమాల్లోలాగా బల్ల గుద్దడాలు ఉండవు. లాయరు రెండు వాక్యాలు పూర్తిచేసేలోపే ప్రశ్న పడుతుంది, మిగతా కాలమంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. కొత్త సాక్ష్యం ఉండదు. ఒకసారి నేను వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. నోట్సు రాసుకోవడానికి పుస్తకం తీశాను గానీ ఒక్క ముక్క రాయలేదు. ముగ్గురిలో ఎవరు ఏ పేజీ తిప్పుతున్నారో చూడటంతోనే సరిపోయింది.

కొన్నిసార్లు ఇంత వాదనా విన్నాక తీర్పు ఒక్క మాటలో వస్తుంది: అఫర్మ్‌డ్. 36వ నిబంధన కింద కారణాలు చెప్పకుండా కింది తీర్పుని ఖాయం చేసే అధికారం వాళ్లకుంది. ఏళ్లకేళ్లు ఖర్చుపెట్టి కొట్లాడిన మనిషికి ఎందుకు ఓడాడో చెప్పకుండా పంపడం నాకు నచ్చదు.

పేటెంట్లే కాదు, ఉద్యోగం పోయిన ఫెడరల్ ఉద్యోగి మొర, పెన్షను అందని మాజీ సైనికుడి మొర ఇక్కడికే వస్తాయి. లాయరుని పెట్టుకోలేక సొంతంగా రాసి పంపేవాళ్లు అందులో చాలామంది. దిగుమతి సుంకాల తగాదాలూ ఇక్కడికే. 2025 జులై 31న పదకొండు మంది న్యాయమూర్తులు ఒకే వేదిక మీద కూర్చుని ట్రంప్ అత్యవసర అధికారాల కింద వేసిన సుంకాల మీద వాదన విన్నారు. ఆగస్టు 29న 7–4తో ఆ సుంకాలు చట్టం ఇచ్చిన అధికారాన్ని దాటాయన్నారు. సుంకాల్ని వెంటనే ఆపలేదు, వ్యవహారం సుప్రీం కోర్టుకెక్కింది. భారత్ సరుకు మీద వేసిన ‘పరస్పర’ సుంకం కూడా ఆ గొడవలోదే. అంటే భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టు మీద కూర్చున్న రైతు రాబడి లెక్కలో ఈ మాడిసన్ ప్లేస్ భవనానికి కూడా ఒక గడి పడింది.

పోయినసారి అమ్మని ఎడిసన్ గుడికి తీసుకెళ్తూ కారులో పాత వాదన ఒకటి పెట్టాను. పది నిమిషాలు ఓపిగ్గా విని, ‘ఎందుకురా అంతలా కీచులాడుకుంటున్నారు?’ అంది.

‘మందులో ఏ ఉప్పు వెయ్యాలని.’

అమ్మ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. ‘మీ డాక్టరేమో కూరలో ఉప్పు తగ్గించమంటాడు. బీపీ బిళ్లలోనే ఉప్పు పోస్తారట్రా?’