రెండో తాడు ఉందా?

అపార్ట్‌మెంటుకి రంగులు వేయించాలనగానే మీటింగులో మొదట వచ్చే ప్రశ్న 'ఎంతకి చేస్తాడు?' అనే. ఎలా దిగుతాడన్నది ఎవరికీ పట్టదు. మన వంటింటి కిటికీ అవతల చెక్కపీట మీద వేలాడుతూ బ్రష్షు ఆడించే మనిషికి చాలాచోట్ల ఆధారం ఒకే ఒక్క తాడు!

తాడు మీద పనిచేయడం తప్పేం కాదు. పరంజా కట్టడానికి వీల్లేనిచోట అదే దారి. 'రోప్ యాక్సెస్' అంటారు. అయితే పద్ధతి ప్రకారం రెండు తాళ్లుండాలి. ఒకటి దిగడానికి, రెండోది అది తెగితే ఆదుకోవడానికి. రెండిటినీ వేర్వేరు చోట్ల కట్టాలి. పిట్టగోడ అంచుకి ఒరుసుకోకుండా అడుగున మందపాటి గుడ్డో, రబ్బరో వేయాలి. నైలాన్ తాడుకి యాసిడ్ అసలు తగలకూడదు. గోడల మరకలు వదలగొట్టడానికి మనవాళ్లు వాడేదేమో అదే!

పడిపోకపోయినా, స్పృహ తప్పి బెల్టుకి వేలాడుతూ ఉండిపోతే ప్రాణాపాయమే. కాళ్లలో రక్తం నిలిచిపోతుంది. అంబులెన్సు కోసం చూడకుండా వెంటనే దింపగలిగినవాళ్లు మేడమీద ఉండాలి.

2021 అక్టోబరులో థాయిలాండ్‌లోని నొంతబురిలో 21వ అంతస్తులో ఉండే ఒకావిడ పెయింటర్ల తాడు కోసేసింది. ముందుగా చెప్పకుండా కిటికీ ముందుకొచ్చారని కోపమట! 26వ అంతస్తువాళ్లు కిటికీ తెరిచి లోపలికి రానివ్వబట్టి బతికారు. ఏ వైపు ఏ రోజు దిగుతారో నోటీసు బోర్డులో పెట్టించడం ఎంతసేపు పని?

కొటేషన్ తీసుకునేటప్పుడే రెండో తాడు, హెల్మెట్, బీమా అందులో రాయించండి. మరీ తక్కువకి ఒప్పుకుంటే వీటిలో ఏది తీసేశాడో అడగండి.