సొరుగు బిగుసుకొన్నప్పుడు

బారువ మొదలు భోగాపురము వరకు సముద్రపుగాలి సోకు పల్లెలలోను, వానలు విడువని భాద్రపదాశ్వయుజములలో విజయనగరపు టిండ్లలోను, వంటింటి అలమర సొరుగు మొరాయించుట యేటేట జరుగు తంతే. అప్పుడు గృహస్థుడు పిడిని పట్టి బలముగా గుంజును. పిడి చేతికి వచ్చును గాని సొరుగు రాదు.

కర్ర గాలిలోని తేమను పీల్చి యుబ్బును. ఆ యుబ్బుట నారవెంబడి లెక్కింపరానంత స్వల్పమై, నారకడ్డముగా మాత్రమే అధికమగుటచేత, సొరుగు పొడవు పెరుగక, ప్రక్కపలకల యెత్తు పెరిగి పైపట్టెను రాచుకొనును. బొబ్బిలి వీణలకు వాడు పనసకర్రకైనను ఈ ధర్మము తప్పదు. కావున వానకాలమున చిత్రిక పట్టి తగ్గించిన సొరుగు వేసవిలో వదులై గడగడలాడును. రాపిడికి నునుపెక్కి మెరయు చోటిని కనిపెట్టి, అక్కడ గరుకుకాగితముతో కొంచెముగా రుద్ది, కొవ్వొత్తిముక్కను పట్టించి, మాఘము వచ్చుదాక చిత్రికను ముట్టకుండుట మేలని నా యభిప్రాయము.

ఇప్పటి వంటిండ్లలో సొరుగులు టెలిస్కోపిక్ ఛానళ్లపై నడచును. సామానంతయు తీసివైచి, సొరుగును కడదాక లాగినచో, ఇరుప్రక్కల ఛానళ్లలో నల్లని ప్లాస్టిక్ మీట యొక్కొక్కటి కనబడును. ఒకే యచ్చున చేసిన ఛానలునే తిరుగవేసి రెండవ ప్రక్కను బిగింతురు గనుక, ఒకవైపు మీటను క్రిందికి నొక్కునప్పుడు రెండవదానిని పైకెత్తవలసి యుండుట సామాన్యము. రెంటినొక్కసారిగా కదలించి లాగిన సొరుగు చులకనగా ఊడివచ్చును. మరల నెక్కించునపుడు లోని గుండ్లపట్టీని ముందుకు జరిపి, రెండుప్రక్కలను సమముగా దూర్పవలెను. అది మరచి బలిమిని త్రోసినవారికి చిన్ని గుండ్లను నేలపై నేరుకొను పని మిగులును.

మరమేకు పట్టు తప్పి తిరుగుచున్నచో, తలలు విరిచిన అగ్గిపుల్లలను ఫెవికాలులో ముంచి రంధ్రమున దట్టించి, రాత్రియంతయు ఆరనిచ్చి, వెలికి వచ్చిన కొనలను కోసి, మరల బిగింపవచ్చును. కర్రకును ప్లైవుడ్డుకును ఇది చాలును. పార్టికల్ బోర్డు సంగతి వేరు: 2018 అక్టోబరు 11న పలాస చేరువ తీరము దాటిన తిత్లీవంటి తుపానుకు ఇల్లు తడిసి, ఆ పలక నీరు త్రాగి యుబ్బెనా, ఎన్ని యెండలు కాసినను పూర్వరూపమునకు రాదు, ఆ పలకను మార్చుటయే తరణోపాయము.

ఉప్పుగాలికి త్రుప్పెక్కిన ఛానళ్లను మార్చువారు పాతదానిని వెంట గొనిపోయి, అంతే పొడవుగలదానిని కొనవలెను. అలమరకును సొరుగునకును నడుమ ఒక్కొక్క ప్రక్క అర అంగుళము ఎడమున్ననే గుండ్ల ఛానలు పట్టును.