నేరం ఎవరు నిర్ణయిస్తారు? ఖమ్మం–భద్రాచలం అడవి అంచున చట్టం, అధికారం, కోర్టు

చట్టసభ చట్టం చేస్తుంది, ప్రభుత్వ యంత్రాంగం అమలు చేస్తుంది, కోర్టు తీర్పు చెబుతుంది. ఒకదాని తప్పును ఇంకొకటి దిద్దుతుందని బడిలో పిల్లలకు చెబుతాం. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవిని ఆనుకుని బతికే కోయ, మాల, మాదిగ కుటుంబాలకు ఈ మూడూ ఎట్లా ఎదురవుతున్నయో చూస్తేగానీ నేరన్యాయ వ్యవస్థ అసలు రూపం తెలియదు.

మొదట చట్టం. దున్నుకోవడం నేరమా? ఊర్లో కాదు. రిజర్వు అడవి హద్దురాయి దాటితే నేరం. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 20వ సెక్షన్ ప్రకారం అక్కడ చెట్టు కొట్టినా, పోడు చేసినా, అనుమతి లేకుండా గొడ్లను మేపినా శిక్షే. అదే చట్టం అటవీ సిబ్బందికి వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం, బండినీ గొడ్డలినీ పట్టుకునే అధికారం, డబ్బు కట్టించుకుని కేసు రాజీ చేసే అధికారం ఇచ్చింది. పట్టేదీ, లెక్కగట్టేదీ, వసూలు చేసేదీ ఒకే శాఖ. రాజీ డబ్బు కట్టినవాని కేసు మేజిస్ట్రేటు గడప తొక్కదు. నేరం చేసిండా లేదా అని అడిగే జడ్జి అతనికి కనిపించడు. అధికారాల విభజన ఇక్కడ ఏమైనట్టు?

2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. అడవి ప్రజలకు చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టమే తన పీఠికలో ఒప్పుకున్నది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవారికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు ఇవ్వాలన్నది. అర్జీ తేలేదాకా ఖాళీ చేయించరాదని 4(5) సెక్షన్ చెబుతున్నది. నిన్నటిదాకా నేరమైనది ఒక్క చట్టంతో హక్కయింది. కానీ అందరికీ కాదు. ఆదివాసులకు ఒక కొలత పెట్టి, మిగతా వారికి మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అడవి మీద ఆధారపడి నివసించినట్టు రుజువు అడిగింది. 2005 నుంచి వెనక్కి లెక్కబెడితే 1930. అప్పుడు ఖమ్మం నిజాం రాజ్యంలో ఉన్నది. భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి, 1959లోగానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు. భూమి పట్టా ఎన్నడూ దక్కని మాదిగ కుటుంబం 1930 నాటి కాయితం ఎక్కడ నుంచి తెస్తది?

ఇక్కడే మనం చట్టాన్ని అధికారులకంటే జాగ్రత్తగా చదవాలి. 75 ఏళ్లు అడుగుతున్నది నివాసానికి, ఆధారపడిన బతుకుకు. అదే చెలక 75 ఏళ్లుగా దున్నినట్టు చూపాలని కాదు. నియమావళి 13 ప్రకారం ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. అర్జీని మొదట పరిశీలించి తీర్మానం చేసేది గ్రామసభ, బీట్ ఆఫీసరు కాదు.

కోర్టు సంగతి చూద్దాం. అర్జీలు తిరస్కరించబడిన వారిని ఖాళీ చేయించాలని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశమంతా అలజడి రేగింది. ఫిబ్రవరి 28న తన ఆదేశాన్నే నిలిపివేసింది. పదిహేను రోజుల్లో లక్షల మంది ఆక్రమణదారులై, మళ్లీ అర్జీదారులయిన్రు.

అట్రాసిటీ చట్టంలోనూ ఇదే లాగుడు కనిపిస్తుంది. 1989లో పార్లమెంటు చేసింది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అరెస్టుకు ముందస్తు అనుమతి, కేసుకు ముందు ప్రాథమిక విచారణ అన్నది. ఏప్రిల్ 2న దళితులు భారత్ బంద్ చేసిన్రు. ఆ ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చి ఆ షరతులను తీసేసింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చుండూరు మాటేమిటి? 1991 ఆగస్టు 6న హత్యాకాండ. ఊర్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి పోరాటం చేయాల్సి వచ్చింది. 2007లో 21 మందికి యావజ్జీవం పడితే, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. చట్టం ఉన్నంత మాత్రాన న్యాయం దొరకదు.

అడవి అంచు దళితునికి ఈ రెండు చట్టాలూ కలిసే చోటు ఒకటున్నది. 2015 సవరణ తర్వాత అట్రాసిటీ చట్టం 3(1)(జి) ప్రకారం ఎస్సీ, ఎస్టీల భూమిని లాక్కోవడమే కాదు, వారి అటవీ హక్కులకు అడ్డుతగలడం కూడా నేరం. కానీ హక్కు గుర్తింపే లేనివాడు దేనికి అడ్డుతగిలారని ఫిర్యాదు చేయాలె? అర్జీని పక్కన పడేసిన ఆఫీసు, తనకు తెలియకుండానే, రేపటి అట్రాసిటీ కేసును కూడా మూసేస్తున్నది.

ఏజెన్సీలో దళితుల్ని 1/70 గిరిజనేతరులుగా లెక్కిస్తది. దాన్ని చూపి ఆ చట్టాన్ని సడలించమనడం మా వాదన కాదు. అది ఆదివాసుల రక్షణ, దానికి గండి పడితే లాభపడేది వలస భూస్వామే. మా మాట ఇంతే: అటవీ హక్కుల చట్టం దళితులకు ఇచ్చిన చోటును కాగితం మీదనే ఉంచొద్దు.

కార్యకర్తలు పట్టుకోవలసిన దారులున్నయి. ఎఫ్ఐఆర్ కాపీ బాధితునికి ఉచితంగా ఇవ్వాలని అట్రాసిటీ చట్టం 15ఎ అంటున్నది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలె. కేసు పెట్టకుండా కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగి 4వ సెక్షన్ కింద నేరస్థుడు, అయితే అతడు ఎస్సీ, ఎస్టీ కాకూడదు. జిల్లా విజిలెన్స్ కమిటీ కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి కూడాలి. కూడిందా అని అడగాలె. 1987 న్యాయసేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతడు.

మూడు స్తంభాలూ వాటంతటవే ఒకదాన్నొకటి దిద్దుకోవు. 2018లోనైనా, 2019లోనైనా దిద్దించింది కదిలిన జనమే.